బోరు మోటారు కేబుల్ జాయింటుకు ఏ టేపు?
బోరు మోటారు కేబుల్ జాయింటుకు మామూలు నల్ల పీవీసీ టేపు ఒక్కటే చుట్టి దింపేస్తుంటారు, దయచేసి అలా చేయకండి. ఇంట్లో స్విచ్ బోర్డు వెనక అది బాగానే పనిచేస్తుంది గానీ, దాని పట్టంతా జిగురులోనే ఉంటుంది, నీళ్లలో నానితే ఆ జిగురు వదిలి లోపలికి చెమ్మ చేరుతుంది. మా బోరులో అదే జరిగింది. పైపులన్నీ పైకి లాగి చూస్తే టేపు పొరల కింద రాగి తీగ పచ్చగా చిలుమెక్కి ఉంది.

షాపులో సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బరు టేపు అడగండి. దానికి జిగురు ఉండదు; మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పొర తీసేసి, బాగా సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కేలా, కేబుల్ తొడుగు మీదికి కూడా ఒకటి రెండు అంగుళాలు పోయేలా చుట్టాలి (తొడుగు మీది మట్టి, గ్రీజు ముందే తుడిచేయాలి). కాసేపటికి పొరలన్నీ అతుక్కుని ఒకే ముద్ద అవుతాయి. రాపిడికి తట్టుకోవడానికి దానిపైన పీవీసీ టేపు రెండు పొరలు వేయండి, చివరి చుట్టు మాత్రం లాగకుండా వేయాలి, లేకపోతే కొస లేచిపోతుంది. మూడు ఫేజుల జాయింట్లు ఒకేచోట రానివ్వకండి. పనికి ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి.