గేలంతో పండుగప్పను పట్టడం ఎలా?

పోయిన కార్తీకంలో బోడసకుర్రు వంతెన కింద, గోదావరి పాయ వైనతేయ గట్టు మీద ఒక కుర్రాడు పండుగప్ప కోసం గేలం వేస్తున్నాడు. ఖరీదైన రాడ్, మంచి రీల్, బకెట్టులో బతికున్న రొయ్యలు, ఏ లోటూ లేదు. చేప రొయ్యను అందుకుంది. అందుకున్న మరుక్షణమే రెండు చేతులతో రాడ్‌ను నెత్తి మీదకు గుంజాడు. దారం గాల్లో తేలిపోయింది. హుక్కుకు రొయ్య తలపెంకు ఒక్కటీ మిగిలింది. గంటలో మూడు చేపలు అలాగే పోయాయి. నాలుగోది ముట్టినప్పుడు ఇక ఉండలేక వెళ్లి అతని ముంజేయి పట్టుకుని ఆపాను.

గోదావరి పాయల మీద ఏ రేవుకు వెళ్లినా ఇదే కనిపిస్తోంది. సామాను మీద వేలకు వేలు పోస్తారు, రొయ్యల కోసం తెల్లవారకముందే లేస్తారు, తీరా చేప నోట్లో ఎర పడ్డ ఆ పది సెకన్లలో అంతా పాడు చేసుకుంటారు. అందుకే మిగతా పనులన్నీ గబగబా చెప్పేసి, ఆ పది సెకన్ల దగ్గర ఆగుతాను.

గోదావరి అనగానే అందరూ పులస అంటారు. పులస నీళ్లలోని నలుసుల్లాంటి జీవుల్ని వడకట్టుకుని తినే చేప, ఎర వైపు చూడదు, దాన్ని వలతోనే పట్టాలి. గేలం పట్టినవాడికి ఈ డెల్టాలో పండుగప్పే పెద్ద చేప. బెంగాల్లో భెట్కీ, తమిళనాడులో కొడువా, ఆస్ట్రేలియాలో బారమండి, అన్నీ ఇదే. ఇంగ్లిష్‌లో జెయింట్ పెర్చ్ అనే పేరు కూడా ఉంది. మన ఆక్వా రైతులు సీబాస్ అంటారు. మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది, పిల్లలు సముద్రపు పోటుతో పాటు ఉప్పుటేళ్లలోకి, మడ అడవుల్లోకి, అక్కడి నుంచి కాలువల్లోకి ఎక్కి పెరుగుతాయి. చెరువులో పెరిగిన పండుగప్ప కూడా రుచిగానే ఉంటుంది. కానీ గేలానికి పడి గాల్లోకి లేచే చేప ఏటిదే.

సామాను

ఏడడుగుల రాడ్, 4000 సైజు స్పిన్నింగ్ రీల్, దాని మీద 30 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం. చివర నాలుగడుగులు 60 పౌండ్ల నైలాన్ లీడర్ (హుక్కు ముందు కట్టే దళసరి దారం). దీన్ని తగ్గించకండి. పండుగప్పకు కోరపళ్లు లేకపోయినా పెదవి లోపల ఉప్పుకాగితంలా గరుగ్గా ఉంటుంది, సన్నని దారాన్ని నిమిషాల్లో అరగదీస్తుంది. 5/0 లేదా 6/0 సర్కిల్ హుక్ (కొస లోపలికి తిరిగి గుండ్రంగా ఉండేది). దారం మీద జారే సీసం గుండు ఒకటి. బిగించి కట్టిన గుండు వద్దు, దాని బరువు తెలియగానే చేప ఎరను ఉమ్మేస్తుంది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. డ్రాగ్‌ను (చేప గట్టిగా లాగితే దారం జారనిచ్చే రీల్ బిగింపును) ఇంటి దగ్గరే, నీళ్ల బాటిళ్లు కట్టి చూసుకుని మూడు కిలోల బరువుకు దారం జారేలా పెట్టుకోండి. గట్టు మీద చేత్తో లాగి చూసి "సరిపోయింది" అనుకోవడం కుదరదు.

ఎక్కడ, ఎప్పుడు

పండుగప్ప ఏటి మధ్యలో తిరగదు. ఏదో ఒకదాని చాటున ఉంటుంది. వంతెన స్తంభం, విరిగి నీట్లో పడ్డ తాటి మొద్దు, మడచెట్ల వేళ్లు, మురుగు డ్రెయిన్ ఏట్లో కలిసే చోట స్లూయిజు (తూము) గోడ, ఇలాంటి చోట్ల. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, నీరు సుడి తిరిగే నీడలో నిలబడి ఉంటుంది. యానాం, ఎదుర్లంక వైపు గౌతమి, చించినాడ దగ్గర వసిష్ఠ, ఓడలరేవు వైపు వైనతేయ, అన్నిట్లోనూ ఇదే తీరు. కోరింగ అభయారణ్యం హద్దుల్లో మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా గేలం వేయకండి. మడ అడవుల అంచున బురదలోకి ఒంటరిగా దిగకండి.

పాటు (నీరు సముద్రానికి తీసే సమయం) చివరి రెండు గంటలు, పోటు (నీరు ఏట్లోకి ఎక్కే సమయం) మొదటి గంట. ఈ మూడు గంటలు తప్ప మిగతా సమయంలో నేను గేలం వేయను, మీరూ వేయకండి. పాటు లాగుతున్నప్పుడు మడవేళ్ల మధ్య దాక్కున్న రొయ్యలు, చిన్న చేపలు బయటకు రాక తప్పదు. పండుగప్ప వాకిట్లో కూర్చుని వాటి కోసం చూస్తుంటుంది. అమావాస్య, పున్నమి అటూ ఇటూ మూడు రోజులు నీటికి మంచి లాగుడు ఉంటుంది. అష్టమి, నవమి రోజుల్లో నీరు అంతగా కదలదు, చేపా అంతగా కదలదు. పోటు సమయం రోజుకు ముప్పావు గంట పైగా వెనక్కి జరుగుతుందని గుర్తుంటే క్యాలెండర్ చూసి లెక్క వేసుకోవచ్చు.

వరద ఎర్రనీళ్లు తగ్గిన తర్వాత దసరా నుంచి కార్తీకం దాకా ఒక మంచి కాలం. సంక్రాంతి చలికి నీరు చల్లబడి చేప మెతకబడుతుంది. మళ్లీ శివరాత్రి తర్వాత పుంజుకుంటుంది. ఎండాకాలంలో ధవళేశ్వరం బ్యారేజీ కిందకు వదిలే నీరు తగ్గి ఉప్పునీరు పాయల్లో పైపైకి ఎక్కుతుంది కదా, అప్పుడు చేప కోసం మొగ దాకా పోనక్కర్లేదు.

ఎర

బతికున్న రొయ్య. వేలెడంత పొడవు. చచ్చిన రొయ్యకు ఎక్కువగా జెల్లలే పడతాయి. లూర్ల (ఉత్తుత్తి ఎరల) గురించి అడుగుతారు. తేట నీటిలో వాటికీ పడుతుంది, కాదనను. మన ఏళ్లలో నీరు ఎప్పుడూ చిక్కటి టీ రంగులో ఉంటుంది. అందులో ప్లాస్టిక్ చేపను రోజంతా విసురుతూ భుజం నొప్పి తెచ్చుకోవడం కంటే, పది రూపాయల రొయ్య ఒకటి తనంతట తాను తోక కొడుతూ చేపను పిలుచుకుంటుంది.

రొయ్యల్ని పట్టిన చోటి నీళ్లే బకెట్టులో పోయండి. ఉప్పు తేడా వస్తే అరగంటలో తిరగబడతాయి. నీటిలోకి గాలి పంపే బ్యాటరీ ఏరియేటర్ ఒకటి, పైన తడి గోనెసంచి. హుక్కు గుచ్చేటప్పుడు రొయ్యను వెలుతురుకు పట్టి చూడండి. తల లోపల నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చకు తగలకుండా, కొమ్ము మొదట్లో పెంకు కింద నుంచి అడ్డంగా గుచ్చాలి. మచ్చకు తగిలితే రొయ్య అక్కడికక్కడే చస్తుంది. సరిగ్గా గుచ్చితే గంట సేపు కాళ్లాడిస్తూనే ఉంటుంది. గట్టిగా విసరకుండా, చెయ్యి కింద నుంచి ఊపి స్తంభానికి పై వైపున వేసి, నీరే దాన్ని చాటులోకి తీసుకుపోయేలా వదలండి.

ఆ పది సెకన్లు

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి.

రీల్ బెయిల్ (దారం జారకుండా ఆపే తీగ) తెరిచి, దారాన్ని చూపుడు వేలి కొస మీద ఆనించి పట్టుకోవాలి. స్టాండు పెట్టి రాడ్ వదిలేసి ఫోన్ చూసుకునేవారికి ఈ చేప దొరకదు. ముందు వేలికి సన్నటి గిలి తెలుస్తుంది, టిక్ టిక్ టిక్ అని. అది చేప కాదు. పండుగప్ప దగ్గరకు వచ్చిందని రొయ్య పడే కంగారు. ఆ తర్వాత ఒక్కసారిగా ఏమీ ఉండదు. ఆ నిశ్శబ్దంలోనే చాలామంది ఎర పోయిందనుకుని చుట్టేస్తారు. చుట్టకండి. వెంటనే "టప్" అని ఒక దెబ్బ తగులుతుంది. దగ్గరలో అయితే నీటి మీద చిన్న బకెట్టు బోర్లించినట్టు చప్పుడు కూడా వినిపిస్తుంది.

పండుగప్ప కొరకదు. నోరు ఒక్కసారి పెద్దగా తెరిచి నీటితో సహా ఎరను లోపలికి పీల్చుకుంటుంది. పీల్చుకున్న క్షణంలో దాని తల ఇంకా మీ వైపే ఉంటుంది, నోరు ఖాళీ గిన్నెలా తెరిచే ఉంటుంది. అప్పుడు గుంజితే హుక్కు వచ్చిన దారినే, ఎక్కడా తగలకుండా బయటకు వచ్చేస్తుంది. బోడసకుర్రు కుర్రాడికి జరిగింది అదే. ఎర అందుకున్న చేప వెనక్కి తిరిగి తన చాటుకు పోతుంది. అలా తిరిగినప్పుడే సర్కిల్ హుక్ లోపలి నుంచి జారుతూ వచ్చి నోటి మూలన తనంతట తానే పట్టుకుంటుంది. ఆ పని హుక్కుది, మీది కాదు.

కాబట్టి దెబ్బ తగలగానే వేలి మీది దారాన్ని వదిలేయండి. రాడ్ కొసను చేప వైపు దించండి. దారం పక్కకు జరుగుతూ పోతుంది. ఒకటి, రెండు, మూడు అని మామూలు వేగంతో లెక్కపెట్టండి. బెయిల్ మూయండి. రీల్ తిప్పండి, అంతే. రాడ్ ఎత్తకండి. దారం బిగిసి, రాడ్ దానంతట అది వంగేదాకా తిప్పుతూనే ఉండండి. వంగాక ఒంటిని కాస్త వెనక్కి వాల్చండి చాలు. నాకు ఇది నేర్పింది ఒక ముసలి పడవ తాత. "గుంజకండి బాబూ, ఆడు మింగి ఇంటికెళ్లేదాకా ఆగండి" అనేవాడు. ఆయన చేతిలో రాడ్ ఉండేది కాదు, వేళ్లకు చుట్టుకున్న నైలాన్ దారమే.

మామూలు హుక్కుతో అయితే గుంజక తప్పదని కొందరు వాదిస్తారు. నిజమే, అందుకే మామూలు హుక్కు వాడవద్దంటున్నాను. ఆలస్యంగా గుంజితే అది కడుపులో దిగుతుంది. వదిలేయాల్సిన చేప కూడా చస్తుంది.

హుక్కు పడిందని తెలియగానే చేప స్తంభం వైపు పరుగు తీస్తుంది. డ్రాగ్ ముట్టుకోకండి. రాడ్‌ను పక్కకు వంచి, స్తంభానికి ఎదురు దిక్కుకు లాగి పట్టండి. పైకి ఎత్తి పడితే చేపను గాల్లోకి మీరే పిలిచినట్టు.

అయినా లేస్తుంది. లేచే ముందు ఒక గుర్తు ఉంటుంది, దారం నీటిని కోసుకుంటూ పైకి రావడం మొదలవుతుంది. అది చూసిన వెంటనే రాడ్ కొసను నీటిలోకి ముంచి వేగంగా చుట్టండి. సగం సార్లు చేప మనసు మార్చుకుని మళ్లీ కిందకు పోతుంది. పోకపోతే పూర్తిగా గాల్లోకి వచ్చి, నోరు తెరిచి, మొప్పల మీది డిప్పలు విప్పి తల అటూ ఇటూ విదిలిస్తుంది. ఆ డిప్పలు ఒకదానికొకటి కొట్టుకునే గలగల గట్టు మీదికి వినిపిస్తుంది. అప్పుడు దారం బిగించి ఉంటే హుక్కు ఊడుతుంది, లేదా డిప్ప అంచు తగిలి లీడర్ తెగుతుంది. చేప గాల్లో ఉన్నంతసేపు రాడ్‌ను దాని వైపు చాచండి. నీటిలో పడగానే మళ్లీ వెనక్కి తీసుకుని బిగించండి. చాచడం, తీసుకోవడం, ఈ రెండింటినీ ముందే గట్టు మీద ఉత్తి రాడ్‌తో నాలుగుసార్లు చేసి చూసుకోండి. చేప లేచాక ఆలోచించే టైమ్ ఉండదు.

ఇంకో జాగ్రత్త. చివరి ఎగురు గట్టుకు రెండు బారల దూరంలో ఉంటుంది. అప్పటికి మీరు అలిసిపోయి, చేప అలిసిపోయిందనుకుంటారు. టెన్షన్‌లో డ్రాగ్ బిగించేస్తారు. దారం పొట్టిగా ఉన్నప్పుడు సాగే గుణం ఉండదు, ఆ ఒక్క విదిలింపుకే తెగుతుంది. గట్టు దగ్గరకు వచ్చాక డ్రాగ్‌ను పావు చుట్టు వదులు చేయండి. రాత్రయితే టార్చి నేరుగా దాని మీద వేయకండి. నిప్పు కణికల్లా రెండు ఎర్రటి కళ్లు వెలుగుతాయి, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ వెలుతురుకు బెదిరి మళ్లీ పరుగు పెడుతుంది.

ఒడ్డుకు తెచ్చాక

వెడల్పాటి చేతివల కింద పెట్టి చేపను దానిలోకి నడిపించండి. మొప్పలో వేళ్లు పెట్టి ఎత్తకండి. నేను ఒకసారి పెట్టాను. డిప్ప మూసుకున్నప్పుడు బ్లేడుతో గీసినట్టు నా చూపుడు వేలు ఎముక దాకా తెగింది, ఆరు కుట్లు పడ్డాయి. కింది పెదవిని తడి గుడ్డతో పట్టుకుని, రెండో చెయ్యి పొట్ట కింద వేసి అడ్డంగా ఎత్తాలి. పెద్ద చేపను దవడ పట్టి నిలువునా వేలాడదీస్తే మెడ దగ్గర లోపల దెబ్బ తింటుంది.

ఇప్పుడు ఏది ఇంటికి, ఏది ఏటికి అన్నది. పండుగప్పలు చాలావరకు మగవిగా మొదలై, కొన్నేళ్లు పెరిగాక ఆడవిగా మారతాయి. అంటే చేతిలో ఉన్నది మూడడుగుల చేపయితే అది గుడ్లు పెట్టే తల్లి అనుకోవాలి. దాన్ని ఫోటో తీసుకుని వదిలేయండి. అడుగున్నర లోపు పిల్లనూ వదిలేయండి. రెండు మూడు కిలోలదే ఇగురుకు, వేపుడుకు రుచి. పెద్దదాని కండ పీచుగా ఉంటుంది, కాబట్టి నష్టమేమీ లేదు. వదిలేటప్పుడు విసిరేయకుండా, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి తోక మొదలు పట్టుకుని ఉండండి. అది తోక గట్టిగా ఆడించి మీ చేతిలోంచి తానే గుంజుకుపోయేదాకా వదలకండి.

తర్వాత లీడర్ చివరి మూరను రెండు గోళ్ల మధ్య పట్టి లాగి చూడండి. ఎక్కడైనా గరుకు తగిలితే అంతవరకు కోసేసి కొత్త ముడి వేయండి. బకెట్టులో రొయ్యలు ఇంకా కాళ్లాడిస్తూ, పాటు ఇంకో గంట మిగిలి ఉంటే, అదే స్తంభం చాటున మళ్లీ వేయవచ్చు. మంచి చాటు ఎక్కువసేపు ఖాళీగా ఉండదు.