కంప్యూటర్ చీటీలో తప్పు ఎక్కడ దూరుతుంది

చేతిరాత అర్థం కాకపోతే ఫార్మసిస్టు వెళ్లి డాక్టరుగారిని అడిగేవాడు. ప్రింటయి వచ్చిన చీటీని ఎవరూ అడగరు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, మందే వేరేది. శ్రీకాకుళం జిల్లా పీహెచ్‌సీల్లో మందులు కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లూ, చేతికిచ్చేవాళ్లూ ఆగి చూడాల్సిన చోట్లు ఇవి.

ముందు మనిషి. అప్పలనాయుడు అని కొడితే ఒక్క మండలంలోనే వరసగా వస్తారు. "అప్పలనాయుడువేనా?" అని అడిగితే చెవులు వినపడని ముసలాయన కూడా తలూపేస్తాడు. "నీ పేరేటి తాతా, ఏ ఊరు?" అని అడిగి ఇంటిపేరు, వయసు, ఊరు ఆయన నోటే చెప్పించండి. ఫోన్ నంబరుతో వెతకొద్దు. ఇంటిల్లిపాదికీ ఒకటే నంబరుంటే మామ రికార్డులో కోడలి మందు పడుతుంది. అభా కార్డు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా కార్డు) ఉంటే 14 అంకెలూ సరిచూడండి. ముందు రోగి పేజీ మూశాకే రెండో పేజీ తెరవండి.

మందు పేరులో మొదటి మూడు ఇంగ్లిషు అక్షరాలు కొట్టగానే మెట్‌ఫార్మిన్, మెటోప్రొలాల్, మెట్రోనిడజోల్, మెథోట్రెక్సేట్ ఒకదాని కింద ఒకటి వచ్చేస్తాయి. ఒక్క వరస జారితే షుగరు బిళ్ళ బదులు విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్. ఐదు అక్షరాలు కొట్టాకే ఎంచుకోండి. థైరాయిడ్ మందు కార్బిమజోల్, మూర్ఛ మందు కార్బమజెపిన్ విడిపోయేది ఆ ఐదో అక్షరం దగ్గరే. జబ్బు పేరు కూడా చీటీ మీద పడేలా చూడండి. "షుగరు" పక్కన మెట్రోనిడజోల్ కనిపిస్తే ఫార్మసిస్టు అక్కడే పట్టుకుంటాడు.

మెథోట్రెక్సేట్ సంగతి వేరు. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారే. కంప్యూటర్ తనంతట తాను "రోజూ" అని పెట్టేస్తే, నోరు పుండై, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. "బుధవారం మాత్రమే" అని వారం పేరు రాయండి. వారానికి 7.5 మిల్లీగ్రాములంటే 2.5 మిల్లీగ్రాముల బిళ్ళలు మూడు; నాలుగు వారాలకు 12 బిళ్ళలు. చీటీలో 90 అని ఉంటే ఇవ్వకండి, వెనక్కి పంపండి. ఏ మందుకైనా మొత్తం లెక్క చూసే అలవాటు ఫార్మసిస్టుకు ఉండాలి. చాలా తప్పులు బయటపడేది అక్కడే.

పిల్లల సిరప్‌ను "6 ఎంఎల్" అని మాత్రమే రాస్తే సగమే రాసినట్టు. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 10 కిలోల బిడ్డకు ఒక మోతాదు 150. 5 ఎంఎల్‌లో 125 ఉండే సీసాతో అది 6 ఎంఎల్, 250 ఉండే సీసాతో 3, ఎంఎల్‌కు 100 ఉండే చుక్కల మందుతో 1.5. స్టాకులో 125 అయిపోయి 250 సీసా చేతికిస్తే అదే 6 ఎంఎల్‌తో మోతాదు రెట్టింపవుతుంది. అందుకే మిల్లీగ్రాములు, సీసా బలం, ఎంఎల్ మూడూ రాయాలి. బరువు ఆరోజు తూచిందే కావాలి. పోయిన ఏడాది బరువు రికార్డులో ఉండిపోయి ఉంటుంది. ఇంటి చెంచా వద్దు, కొలత మూతో, సిరంజో ఇవ్వండి.

ఇన్సులిన్‌కు 40 బలం (ఎంఎల్‌కు 40 యూనిట్లు) సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత. 100 మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. చీటీ మీద బలం కూడా రాయండి. "యూనిట్లు" అని పూర్తిగా రాయండి, "U" అని పొడి అక్షరం పెడితే సున్నాలా కనబడుతుంది.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు పనిచేసేవాళ్లు ఇంకాస్త ఆగాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రాయడమంటే అసలే దెబ్బతిన్న కిడ్నీ మీద ఇంకో దెబ్బ వేయడమే. కంప్యూటర్ హెచ్చరిస్తుందిలే అనుకోవద్దు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఫలితం అందులో ఎక్కించకపోతే దానికి తెలియదు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె) 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఆపేయాలి. 30–45 మధ్య కొత్తగా మొదలుపెట్టకూడదు, ముందే వాడుతుంటే మోతాదు తగ్గించాలి. "పాత చీటీ మళ్లీ" అన్న బటన్ ఇక్కడ మహా ప్రమాదం. కిడ్నీ బాగున్నప్పుడు రాసిన బిళ్ళలన్నీ ఒక్క నొక్కుతో తిరిగొస్తాయి. బయట వేయించుకున్న నొప్పుల సూది ఏ రికార్డులోనూ ఉండదు, నోటితో అడగాల్సిందే. బీపీ బిళ్ళ టెల్మిసార్టాన్, నీరు దింపే బిళ్ళ వాడేవాళ్లకు ఆ సూది తోడైతే కిడ్నీ హఠాత్తుగా మొరాయించవచ్చు.

హెచ్చరికలు ఎక్కువైతే చదవకుండా నొక్కేయడం మామూలే. అన్నీ కాకపోయినా ఎలర్జీ, గర్భం, కిడ్నీ హెచ్చరికలు వచ్చినప్పుడు దాటడానికి కారణం రాయండి.

కరెంటో నెట్టో పోతే కాగితం చీటీతో మందులిస్తారు. నెట్ వచ్చాక అదే చీటీని ఎక్కిస్తే సాయంత్రం రోగి కొడుకు వచ్చి మళ్లీ పట్టుకెళ్తాడు. కాగితం మీద "ఇచ్చాం" అని టైముతో సహా రాసి, కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడే "మందులు అందాయి" అని కూడా నమోదు చేసి, ఆ కాగితాన్ని అడ్డంగా కొట్టేయండి.