పాత కార్బ్యురేటర్‌ను పారేయకండి

నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఆర్‌ఎక్స్ 100లు, కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న మారుతి 800లు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. రిపేరులో మెకానిక్ కొత్త కార్బ్యురేటర్ బిగిస్తే, బండితో వచ్చిన పాతదాన్ని తప్పకుండా అడిగి తెచ్చుకోండి. రేపు ఆ బండిని ఇష్టపడి కొనేవాళ్లు ముందు అడిగేది ఒరిజినల్ భాగాల గురించే.

సూపర్‌కార్లలోనూ ఇదే లెక్క. ఫెరారీ 308 మొదట 1975లో వెబర్ కంపెనీ కార్బ్యురేటర్లు నాలుగింటితో వచ్చింది. 1980లో పొగ నిబంధనల కోసం కార్బ్యురేటర్ బదులు పెట్రోలును ఒత్తిడితో చిమ్మే బాష్ ఇంజెక్షన్ పెట్టేసరికి పవర్ 255 నుంచి 214 హెచ్‌పీకి పడిపోయింది. 1982లో సిలిండర్‌కు నాలుగు వాల్వులు ఇచ్చి 240 దాకా తెచ్చారు. స్టార్టింగ్ టెన్షన్ లేకుండా నడపాలంటే ఇంజెక్షనే సులువు, అందులో సందేహం లేదు. అయినా కలెక్టర్లు ఎక్కువగా మోజుపడేది కార్బ్యురేటర్ బండి మీదే. ఆ వెబర్లు గాలి పీల్చే శబ్దమే వేరు!

బండిని నెలల తరబడి నిలిపేట్టయితే, పెట్రోల్ ట్యాప్ ఉంటే కట్టేసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా ఆన్‌లో ఉంచండి. లేదంటే మన ఎండలకు ఫ్లోట్ బౌల్‌లో (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గిన్నె) పెట్రోలు ఆరిపోయి జెట్లలో, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల్లో, జిగురు కడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపులను దెబ్బతీస్తుంది, వాటిని ముందే మార్పించండి.