మోంతె కస్సీనో చూడాలంటే కొండ కింద నుంచి మొదలుపెట్టండి

రోమ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కస్సీనో అనే ఊరికి అని పక్కన పెట్టుకుంటాను. ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినా, ఆ ఊరితో మా ఇంటికి సంబంధం ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. మా అమ్మమ్మ తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాసు సాపర్లలో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో పనిచేశాడు. మేమంతా మిలట్రీ తాతయ్య అనేవాళ్లం. ఇటలీ గురించి ఎంత అడిగినా "బురద, కంచరగాడిదలు" అని రెండు మాటలు చెప్పి ఊరుకునేవాడు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలోని కాగితాల్లో కస్సీనో పేరు చూశాను.

చాలామంది స్టేషన్‌లో దిగి, టాక్సీలో నేరుగా మోంతె కస్సీనో కొండ మీది క్రైస్తవ మఠానికి వెళ్లి, ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను. పై నుంచి చూస్తే లోయ అందంగా కనిపిస్తుంది, అంతే. 1944లో ఆ కొండ కోసం జర్మన్లు, మిత్రరాజ్యాల సైన్యాలు నాలుగు నెలలు ఎందుకు కొట్టుకున్నారో అర్థం కావాలంటే కింద నిలబడి తలెత్తి చూడాలి.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. బ్రిటిష్, భారత సైన్యాల్లో చనిపోయినవాళ్ల సమాధులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో మీ జిల్లా పేరుతో వెతకండి. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి ఊళ్ల పేర్లు ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో ఉంటాయి. విశాఖపట్నం అని కొడితే దొరక్కపోవచ్చు, విజగపటం అని కొట్టండి. అలాగే కాకినాడకి కొకనాడ, కడపకి కడ్డపా, మచిలీపట్నానికి మసులిపటం, విజయవాడకి బెజవాడ. తెలంగాణ వాళ్లయితే హైదరాబాద్ స్టేట్ అని కూడా ప్రయత్నించండి. సైనికుడి పేరు కింద తండ్రి పేరు, ఊరి పేరు ఉన్నచోట ఆగి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏ స్మారకంలో, ఎన్నో పలక మీద ఆ పేరు ఉందో కూడా రాసుకోండి. అక్కడికి వెళ్లాక వేల పేర్ల మధ్య వెతకడం చాలా కష్టం.

రోమ్ తెర్మినీ స్టేషన్ నుంచి కస్సీనోకి రీజినల్ రైలు ఉంటుంది. సుమారు రెండు గంటల ప్రయాణం. కాగితం టికెట్ తీసుకుంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గర మెషిన్‌లో ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే జరిమానా. వెళ్లేటప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. రెండు వైపులా కొండలు, మధ్యలో లీరి నది లోయ. దక్షిణం నుంచి రోమ్‌కి సైన్యం రావాలంటే ఇదే దారి. 1503 డిసెంబరులో ఇటలీ కోసం ఫ్రెంచివాళ్లు, స్పెయిన్ వాళ్లు తలపడిన గరిల్యానో యుద్ధం ఇక్కడికి కొంచెం దిగువనే జరిగింది. 1815లో నెపోలియన్ బావమరిది మురా సైన్యం చివరిగా ఓడిపోయింది ఈ ఊళ్లోనే. అప్పట్లో దీన్ని సాన్ జెర్మానో అనేవారు. ఇటలీలో ఎవరి తగువు ఎవరు తీర్చుకున్నా, ఈ లోయలో పొలాలు దున్నుకునేవాళ్లకి మాత్రం తప్పించుకునే వీలు లేకపోయింది.

స్టేషన్ నుంచి మొదట కామన్వెల్త్ సమాధుల తోటకి నడవండి. సాంత్ ఆంజెలో వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. 4,200 మందికి పైగా అక్కడ ఉన్నారు. గేటు దగ్గర రిజిస్టరు, సందర్శకుల పుస్తకం ఉంటాయి. పుస్తకంలో తెలుగులోనే రాయండి. నేను రాసుకెళ్లిన పేర్లను ఒక్కొక్కటీ పలక మీద వేలితో తాకుతూ పైకి చదివాను. ఆ ఊళ్ల పేర్లను మనం పలికినట్టు పలికేవాళ్లు అక్కడికి తరచూ రారు కదా.

అదే రోడ్డులో ఇంకొన్ని కిలోమీటర్లు వెళ్తే సాంత్ ఆంజెలో పల్లె, గారి నది వస్తాయి. నది చిన్నదే గానీ ప్రవాహం వేగం, నీళ్లు చల్లన. 1944 జనవరిలో ఇక్కడ దాటబోయి అమెరికన్లు ఘోరంగా దెబ్బతిన్నారు. మే నెలలో 8వ ఇండియన్ డివిజన్ దాటింది. కమల్ రామ్ అనే పందొమ్మిదేళ్ల సిపాయికి బ్రిటిష్‌వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది ఆ దాటడంలోనే. గట్టున నిలబడి తల తిప్పితే మఠం సూటిగా మన మీదికే చూస్తున్నట్టు ఉంటుంది. కింద ఉన్న సైనికులకి రాత్రీ పగలూ అదే అనిపించిందట.

ఇప్పుడు పైకి వెళ్లండి. బస్సులు చాలా తక్కువ. ఎక్కేటప్పుడే తిరుగు బస్సు టైము అడిగి చేతి మీదైనా రాసుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు చివరి బస్సు తప్పిపోయి, మెలికల రోడ్డులో తొమ్మిది కిలోమీటర్ల దాకా దిగాను. మోకాళ్ల నొప్పి వారం ఉంది. మధ్యాహ్నం మఠం మూసే వేళలు ముందే చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. చీరకి ఏ ఇబ్బందీ లేదు.

లోపల మీరు చూసేదంతా దాదాపు కొత్త కట్టడమే. 529 ప్రాంతంలో సెయింట్ బెనెడిక్ట్ అనే సన్యాసి మొదలుపెట్టిన మఠాన్ని లొంబార్డులనే జర్మానిక్ తెగవాళ్లు ఒకసారి, 883లో సారసెన్లనే ముస్లిం దండు ఒకసారి, 1349లో భూకంపం ఒకసారి కూల్చాయి. 1944 ఫిబ్రవరి 15న బాంబులు కూల్చాయి. ఈ చివరిది మనం నిజాయితీగా తెలుసుకోవాలి. మఠం మీద బాంబులు వేయమని అడిగింది 4వ ఇండియన్ డివిజన్ అధిపతి టూకర్. తన జవాన్లను ఆ గోడల కిందికి పంపాలి కాబట్టి అడిగాడు. కానీ అప్పటికి లోపల జర్మన్ సైనికులు లేరు. ముసలి మఠాధిపతి దియామారె, సన్యాసులు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి తలదాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ జనంలో ఎంతోమంది చనిపోయారు. కొన్ని బాంబులు గురి తప్పి మనవాళ్ల మీదే పడ్డాయి. ఆ తర్వాత జర్మన్ పారాచూట్ దళం శిథిలాల్లోకి చేరి, వాటినే కోటగా వాడుకుంది. మిలట్రీ తాతయ్య ఉన్న 12వ ఫీల్డ్ కంపెనీ ఆ డివిజన్‌లోదే. ఆయన మౌనానికి ఇది కూడా కారణమేమోనని నాకు అనిపిస్తుంది.

పుస్తకాలు, పత్రాలు మాత్రం బతికాయి. 1943 శరత్కాలంలోనే ష్లేగెల్, బెకర్ అనే ఇద్దరు జర్మన్ అధికారులు వాటిని లారీల్లో రోమ్‌కి తరలించారు. వాటిలో 960 నాటి ఒక కోర్టు పత్రం ఉంది. అందులోని సాక్షి మాట ఇటాలియన్ భాషలో రాతపూర్వకంగా దొరికిన తొలి వాక్యాల్లో ఒకటి. ఆ భూములను, ఆ హద్దులతో, ముప్పై ఏళ్లు బెనెడిక్ట్ పక్షంవారు అనుభవించారని నాకు తెలుసు అంటాడు సాక్షి. హద్దుల తగాదా, ముప్పై ఏళ్ల అనుభవం! మన ఊళ్లో సర్వేయరు ముందు చెప్పే మాటలానే ఉందని నాకు చాలా దగ్గరగా తోచింది.

మఠం నుంచి కాస్త దూరం నడిస్తే పోలిష్ సమాధులు. మే 18న కొండను చేజిక్కించుకున్నది వాళ్లే. సొంత దేశం జర్మనీకి, సోవియట్లకి చిక్కిపోయి ఉండగా ఇక్కడ చనిపోయారు. తర్వాత 1970లో పోయిన వాళ్ల జనరల్ ఆండర్స్‌ని కూడా ఇక్కడే పూడ్చారు. టైముంటే కైరా ఊరి దగ్గర కొండ మీద జర్మన్ సమాధులు కూడా చూడండి. ఇరవై వేలకి పైగా ఉన్నాయి.

ఊళ్లో వాళ్లతో మాట కలిస్తే యుద్ధం అనకుండా "ఫ్రోంతే", అంటే యుద్ధరేఖ, అనండి. వాళ్లు తమ పెద్దవాళ్ల కథను "ఫ్రంట్ దాటిపోవడం" అని చెప్పుకుంటారు. ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లను "స్ఫొల్లాతి" అంటారు. ఒక జాగ్రత్త. విజయం తర్వాత ఫ్రెంచి సైన్యంలోని మొరాకో దళాలు ఈ ప్రాంతపు ఆడవాళ్ల మీద చేసిన అత్యాచారాల గురించి మీరుగా అడగొద్దు. వాళ్లే చెప్తే వినండి.

ఇంకో రోజు దొరికితే సాంగ్రో నది దగ్గరున్న స్మారకానికి వెళ్లండి. దహనం చేసిన భారతీయ సైనికులకి ఇటలీలో మూడు స్మారకాలు ఉన్నాయి. మిగతా రెండు ఫొర్లీ, రిమినీల్లో. మన హిందూ, సిక్కు జవాన్లు చాలామంది పేర్లు కస్సీనో సమాధుల్లో దొరక్కపోతే అక్కడ వెతకాలి. సాంగ్రోలో 500కి పైగా పేర్లున్నాయి. అది అడ్రియాటిక్ వైపు, రోమ్ నుంచి కారు మాట్లాడుకుంటే మంచిది. నా నోట్‌బుక్‌లో రాసుకున్న పేర్లలో నాలుగు అక్కడివే. ఈసారి వెళ్లినప్పుడు ముందు అక్కడికే వెళ్దామని అమ్మాయికి చెప్పి ఉంచాను.