డ్రిల్ ఎవరి చేతిలో ఉందో చూడండి: ఆర్థో రొటేషన్‌కు అమెరికా వెళ్తున్న మన పిల్లలకు

మొన్న సెలవుకి గుంటూరు వచ్చినప్పుడు బ్రాడీపేటలో మా ఇంటికి ముగ్గురు జూనియర్లు వచ్చారు. ముగ్గురూ మన గుంటూరు మెడికల్ కాలేజీ వాళ్లే, ముగ్గురికీ ఆర్థో, అంటే ఎముకల సర్జరీ మీదే మనసు. ఒకమ్మాయికి అమెరికాలో నాలుగు వారాల రొటేషన్ ఖాయమైంది, అంటే విద్యార్థిగా అక్కడి ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకోవడం. "అక్కా, అక్కడ వాళ్లకి నచ్చాలంటే ఏం చేయాలి?" అని అడిగింది. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆ చోటు మనకి నచ్చుతుందో లేదో ఎలా తేల్చుకోవాలని మాత్రం ఎవరూ అడగలేదు. అక్కడ ఆర్థో రెసిడెన్సీ, అంటే మన పీజీ లాంటి శిక్షణ, అయిదేళ్లు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి, వినడానికి కష్టంగా ఉంటుంది. బయటి దేశాల్లో చదివినవాళ్లకు ఆర్థోలో సీటు రావడం చాలా అరుదు. అక్కడ చదివిన పిల్లల్లోనే ఎంతోమందికి దొరకదు. కాబట్టి ఫీజు కట్టకముందే ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి అడగండి: బయటి దేశంలో ఎంబీబీఎస్ చేసినవాళ్లని ఇంతకుముందు తీసుకున్నారా? జే-1 వీసా ఒక్కటేనా, హెచ్-1బీ కూడా ఇస్తారా? మొహమాటం వద్దు. లేదన్నా వెళ్లొచ్చు, నేర్చుకోవచ్చు, మంచి సిఫార్సు ఉత్తరం తెచ్చుకోవచ్చు. ఎంత ఆశ పెట్టుకోవాలో తెలిసి వెళ్తారు, అంతే.

వెళ్లాలనుకుంటే చదువుతున్నప్పుడే వెళ్లాలి. పట్టా చేతికొచ్చాక చాలాచోట్ల అబ్జర్వర్‌గానే రానిస్తారు, పేషంట్‌ని ముట్టుకోనివ్వరు. అమెరికాలో డాక్టర్ లైసెన్సుకి రాసే మొదటి పరీక్ష స్టెప్ 1. 2022 జనవరి నుంచి దానికి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. కాబట్టి పక్కన నిలబెట్టుకుని మన పని చూసినవాళ్ల మాటకి బరువు పెరిగింది. పైగా కోవిడ్ దగ్గర్నుంచి కొన్నిచోట్ల ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లోనే. మీరు ఆ ఆసుపత్రిని కళ్లారా చూసేది బహుశా ఈ నాలుగు వారాలే.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. కాలేజీ లెటర్లు, విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ నుంచి కావాల్సినవి నెలల ముందే మొదలుపెట్టండి. టీబీ పరీక్ష అడుగుతారు. మనందరికీ చిన్నప్పుడు బీసీజీ వేశారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష ఊరికే పాజిటివ్ రావచ్చు, రక్తపరీక్ష చేయించుకుంటే నయం. వీసా హైదరాబాద్ కాన్సులేట్‌లో. ఇలాంటి రొటేషన్‌కి బీ-1 ఇస్తారు. ఆహ్వాన పత్రం చూపించి ఉన్నదున్నట్టు చెప్పండి.

గది మాత్రం ఆసుపత్రికి నడిచివెళ్లేంత దూరంలో తీసుకోండి, అద్దె కాస్త ఎక్కువైనా సరే. ఉదయం అయిదింటికే రౌండ్స్. ఆ వేళకి చాలా ఊళ్లలో బస్సు ఉండదు. ఇంకోటి, పెద్ద సర్జన్లని డాక్టర్ అని ఇంటిపేరుతో పిలవాలి, రెసిడెంట్లని పేరు పెట్టే పిలవాలి. చీఫ్ రెసిడెంట్‌ని పేరు పెట్టి పిలవడానికి నాకు వారం పట్టింది, ప్రతిసారీ "సార్" నోటిదాకా వచ్చేది.

ఇక అసలు విషయం. నేను విద్యార్థిగా రెండు ఆసుపత్రుల్లో రొటేషన్ చేశాను. రెండుచోట్లా ఒకే కేసు చూశాను, అందుకే తేడా అంత బాగా గుర్తుంది.

మొదటిచోట రాత్రి రెండింటికి మంచు మీద జారిపడిన పెద్దావిడ వచ్చింది, మణికట్టు విరిగింది. రెండో సంవత్సరం రెసిడెంట్ విరిగినచోటే నొప్పి తెలియకుండా లిడొకెయిన్ మందు ఎక్కించాడు. వేళ్లని ఫింగర్ ట్రాప్స్‌లో పెట్టి చేతిని వేలాడదీశాడు, మోచేతి పైన బరువు కట్టాడు. కాసేపాగి బొటనవేళ్లతో ఎముకని నొక్కి సర్ది స్ప్లింట్ (కదలకుండా పట్టి ఉంచే కట్టు) వేశాడు. ఎక్స్‌రే తీస్తే సరిగా కూర్చోలేదు. వెంటనే సీనియర్‌కి ఫోన్ చేశాడు. ఆమె కిందికొచ్చి ఎక్స్‌రే చూసింది. ఆ చేతిని మాత్రం తను తీసుకోలేదు. "మళ్లీ నువ్వే చెయ్యి, నేను మోచెయ్యి పట్టుకుంటాను" అంది. రెండోసారి ఎముక కుదిరింది.

రెండోచోట అదే గాయం, అదే వేళ. రెసిడెంట్ ఫోన్ చేతిలో పట్టుకుని అరగంట ఆలోచించాడు, చివరికి సీనియర్‌కి ఫోన్ చేయలేదు. తెల్లవారి కాన్ఫరెన్స్‌లో ఆ ఎక్స్‌రే తెర మీద పెట్టి అందరి ముందూ తిట్టారు. ఎలా సర్దాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండో ఆసుపత్రి భవనాలు, పరికరాలు చాలా గొప్పవి. నా జాబితాలో మాత్రం అది కిందికి పోయింది.

కాబట్టి ఒక్క రాత్రైనా రెండో సంవత్సరం రెసిడెంట్లతో కాల్‌లో, అంటే నైట్ డ్యూటీలో ఉండండి. పగలు ఓటీలో డ్రిల్ ఎవరి చేతిలో ఉందో గమనించండి. తుంటి విరిగిన కేసుకి గైడ్ వైరు (స్క్రూకి దారి చూపే తీగ) మూడో సంవత్సరం వాళ్లు వేస్తున్నారా, ఫెలో (రెసిడెన్సీ అయ్యాక అదనపు శిక్షణలో ఉన్నవాళ్లు) వేస్తుంటే నాలుగో సంవత్సరం వాళ్లు కండ పక్కకి లాగే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడుతున్నారా? అయిదో సంవత్సరం వాళ్లని విడిగా అడగండి: అర్ధరాత్రి తొడ ఎముకలోకి నెయిల్ (లోహపు రాడ్) వేయాల్సొస్తే మీ అంతట మీరు వేయగలరా? తడుముకోకుండా జవాబొస్తే అక్కడ చేయి తిప్పనిచ్చారన్నమాట.

పనిగంటల నిబంధన నాలుగు వారాల సగటున వారానికి 80. రాసే గంటలూ ఉండే గంటలూ ఒకటేనా అంటే ఎవరూ సూటిగా చెప్పరు. ఆఖరిసారి రోజంతా సెలవు ఎప్పుడు దొరికిందని అడిగితే చెప్తారు. నవంబర్‌లో ఏటా జరిగే ట్రైనింగ్ పరీక్షకి చదువుకోనిస్తారా అని కూడా అడగండి.

ఆడపిల్లలు ఇంకోటి చూడాలి. ఆర్థోలో మనం తక్కువమందిమి. ఆడ రెసిడెంట్లు ఎందరున్నారో, ఎక్స్‌రేల్ని అడ్డుకునే లెడ్ ఏప్రాన్ ఒంటికి సరిపోయేది వాళ్లకి ఉందో లేదో చూడండి. నేను రొటేషన్ చేసిన ఒకచోట అన్నీ పెద్ద సైజులే, చంకల దగ్గర జానెడు ఖాళీ. ఎక్స్‌రేలు రొమ్ము మీద పడేది అక్కడే.

చూసింది ఏ రోజుకారోజు నాలుగు లైన్లు రాసుకోండి. దరఖాస్తుల్లో ఏ ప్రోగ్రాంలు మనకి ఎక్కువ ఇష్టమో తెలిపే సిగ్నల్స్ ఆర్థోలో 2022లో మొదలయ్యాయి, అప్పుడు ఒక్కొక్కరికి 30. వాటిని పంచేటప్పుడు ఈ రాతలే పనికొస్తాయి.

మనవాళ్లకి ఒక బలం ఉంది. పుత్తూరు కట్టు కట్టించుకుని నెలల తర్వాత వంకర చేతులతో మన పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లని మీరు చూశారు, అక్కడి విద్యార్థుల్లో చాలామంది చూసుండరు. కానీ స్ప్లింట్ చుట్టమంటే మన చేతులు తడబడతాయి, అక్కడ విద్యార్థికి మొదట అప్పజెప్పేది ఆ పనే. అందుకే ఆ అమ్మాయిని వెళ్లేలోపు రెండు వారాలు పెద్దాసుపత్రిలో కట్లు కట్టే గదిలో నిలబడమన్నాను. సోమవారం నుంచి వెళ్తోంది.