ఇంట్లో నడక – 3వ పాఠం: మలుపు దగ్గర పోయే వేగం

కిందటి పాఠంలో నడిచే దారి కొలుచుకున్నారు, కాళ్లకు అడ్డం పడే స్టూళ్లు, వైర్లు పక్కకు జరిపారు. ఈ వారం వేగం సంగతి చూద్దాం. రోజూ గంటసేపు ఇంట్లో నడుస్తున్నా ఆయాసమే రావడం లేదంటే, ముందుగా అనుమానించాల్సింది మలుపునే.

దారి 6 మీటర్లు, అడుగు 65 సెంటీమీటర్లు అనుకోండి. 9 అడుగులకే గోడ వచ్చేస్తుంది. నిమిషానికి 100 అడుగుల చొప్పున నడిస్తే 11 సార్లు వెనక్కి తిరగాలి. తిరిగిన ప్రతిసారీ ఆగాలి, మళ్లీ వేగం అందుకోవాలి. అందుకునేలోపే అవతలి గోడ! పైగా పాదం నేల మీద కదలకుండా ఉండగా నడుము గిరుక్కున తిరిగితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది.

అందుకే గోడ దాకా వెళ్లొద్దు. రెండు కుర్చీలు 3 మీటర్ల ఎడంలో పెట్టి, వాటి చుట్టూ 8 అంకె దిద్దినట్టు నడవండి. కుర్చీకీ గోడకీ మధ్య కనీసం ముప్పావు మీటరు ఖాళీ ఉండాలి. మలుపులో ఒక్క అడుగుతో తిరిగేయకుండా నాలుగైదు చిన్న అడుగులు వేయండి. అడుగు పొడవు తగ్గినా ఫర్వాలేదు, లయ తగ్గకూడదు. ఇలా నడిస్తే ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరుగుతారు కాబట్టి భారం ఒకే మోకాలి మీద పడదు, కళ్లూ అంతగా తిరగవు. టేబుల్ చుట్టూ నడిచేవాళ్లయితే 2 నిమిషాలకోసారి దిశ మార్చుకోవాలి.

వేగం తెలియాలంటే 15 సెకన్లు అడుగులు లెక్కపెట్టండి. 25 వస్తే నిమిషానికి 100. చాలామందికి ఇది చురుకైన నడకే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. హాయిగా పాడగలుగుతున్నారంటే ఇంకాస్త పెంచండి. ఫోను చూస్తూ మాత్రం నడవకండి. చేతులు ఊగడం ఆగిపోతే అడుగూ మందగిస్తుంది.

ఈ వారం 5 రోజులు చేయాల్సింది: 3 నిమిషాలు నెమ్మదిగా నడవండి. తర్వాత 2 నిమిషాలు 100 లయలో, 1 నిమిషం 115 లయలో. ఇలా 6 విడతలు. చివర మళ్లీ 3 నిమిషాలు నెమ్మదిగా. మొత్తం 24 నిమిషాలు. గట్టి టైల్స్ మీద వట్టికాళ్లతో చేస్తే మడమ నొప్పి పట్టుకోవచ్చు, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి. సాక్సులతో అసలొద్దు, మలుపులో జారతాయి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆపేయండి. ఛాతీ నొప్పయితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బరువు లెక్క కూడా చెప్పుకోవాలి. 70 కిలోల మనిషి అరగంట ఈ వేగంతో నడిస్తే ఖర్చయ్యేది సుమారు 100 నుంచి 120 కేలరీలు. కిలో కొవ్వులో ఉన్నవి దాదాపు 7,700. తిండి జోలికి పోకుండా వారానికి 5 అరగంటల నడకతోనే కిలో తగ్గాలంటే మూడు నెలలు పైమాటే. ‘నడిచాం కదా’ అని ఇంకో ప్లేటు పెట్టుకుంటే అదీ లేదు.

5వ రోజు ఆఖరి విడతలో, 100 లయ దగ్గర 15 సెకన్ల లెక్క తీసుకోండి. 25 కంటే తగ్గితే 4వ పాఠానికి వెళ్లకండి, ఇదే ఇంకో వారం చేయండి.