మాంటెల్ చేయించే ముందు టేపు పట్టండి

అమెరికాలో ఇల్లు కొని ఫైర్‌ప్లేస్‌కు చెక్క మాంటెల్ (పైన అమర్చే అలంకార అర) చేయించాలనుకుంటున్నారా? చెక్క రకం తర్వాత, ముందు కొలతలు చూడండి. అక్కడి నమూనా గృహ నిర్మాణ నిబంధనల ప్రకారం, ఇటుకలతో కట్టిన ఫైర్‌ప్లేస్ నోటికి 6 అంగుళాల లోపు చెక్క ఉండకూడదు. 12 అంగుళాల లోపైతే, దూరంలో ప్రతి అంగుళానికి 1/8 అంగుళం మించి ముందుకు రాకూడదు. అంటే 8 అంగుళాల పైన ఉన్న చెక్క ఒక్క అంగుళమే పొడుచుకు రావచ్చు! గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కైతే తయారీదారు ఇచ్చిన కొలతే పాటించండి.

బరువైన దుంగకన్నా పలకలతో చేసిన బోలు పెట్టె నయం. గోడ లోపలి స్టడ్‌లు (నిలువు ఆధార కర్రలు) వెతికి, వాటికి పట్టీ కర్రను పొడవాటి స్క్రూలతో బిగించి, రసమట్టం పెట్టి చూసుకుని, పెట్టెను దానికి తొడగండి. ఒట్టి జిప్సం బోర్డును నమ్మి మాత్రం బిగించకండి.